తేలికపాటి లినక్స్ వాడేవాళ్లు తప్పక చూసుకోవాల్సినవి

ఉబుంటు అనే లినక్స్‌కు తేలిక రూపాలైన లుబుంటు, జుబుంటు లాంటివి పాత కంప్యూటర్‌కు మళ్లీ ప్రాణం పోస్తాయి. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ), ప్యాకేజీలు (ప్రోగ్రామ్ మూటలు) అసలు ఉబుంటువే కాబట్టి భద్రతలో ఇవేమీ తీసిపోవు. తేడా గడువులో ఉంది. ఉబుంటు ఎల్‌టీఎస్‌కు (ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్‌కు) మామూలుగా 5 ఏళ్లు అప్‌డేట్లు వస్తే, వీటికి 3 ఏళ్లే. 2024 ఏప్రిల్‌లో వచ్చిన లుబుంటు 24.04 గడువు 2027 ఏప్రిల్‌తో సరి. మధ్యలో వచ్చే వెర్షన్లకైతే 9 నెలలే. 32-బిట్ మెషిన్ కదా అని లుబుంటు 18.04నే పట్టుకుని ఉండొద్దు, దాని గడువు 2021లోనే తీరింది.

ఐఎస్ఓ ఫైల్‌ను, అంటే ఇన్‌స్టాల్ చేసే డిస్క్ నకలును, అధికారిక సైట్ నుంచే దించుకోండి. అంతటితో సరిపెట్టుకోకండి. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే మరో లినక్స్ సైట్‌లోకే దుండగులు చొరబడి, డౌన్‌లోడ్ లింకును దొంగ ఐఎస్ఓ వైపు మళ్లించారు. అందుకే ఎస్‌హెచ్ఏ-256 మొత్తాన్ని (ఫైల్ మారలేదని తేల్చే అంకెల వరుసను) సరిపోల్చడంతో పాటు, ఆ మొత్తాలున్న ఫైల్ మీది జీపీజీ సంతకాన్నీ (తయారీదారులదేనని రుజువు చేసే డిజిటల్ సంతకాన్ని) సరిచూడాలి. సైట్‌ను మార్చగలిగినవాడికి అందులోని అంకెలు మార్చడం కష్టం కాదు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (పాస్‌ఫ్రేజ్ అనే పొడవాటి పాస్‌వర్డ్ లేనిదే డేటా చదవలేకుండా చేసేది) ఎంచుకోండి. తర్వాత పెట్టాలంటే దాదాపుగా అంతా మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. పాస్‌ఫ్రేజ్ మరిచిపోతే డేటా ఎవరూ తీయలేరు, కాబట్టి దాన్ని కాగితం మీద రాసి కంప్యూటర్‌కు దూరంగా దాచండి.

అసలు పని అప్‌డేట్లది. టెర్మినల్‌లో (ఆదేశాలు కొట్టే విండోలో) 'సుడో ఆప్ట్ అప్‌డేట్' (sudo apt update), ఆ తర్వాత 'సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్' (sudo apt upgrade), వారానికోసారైనా. కొత్త కెర్నల్ దిగినంత మాత్రాన పనిలోకి రాదు, రీబూట్ చేయాలి. మూత మూసి, తెరిచి నెలల తరబడి వాడే ల్యాప్‌టాప్ పాత కెర్నల్‌తోనే నడుస్తుంటుంది. స్నాప్‌గా (తనంతట తానే అప్‌డేట్ అయ్యే ప్యాకేజీగా) వచ్చే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ది కూడా ఇదే తంతు: తెరిచి ఉంటే అప్‌డేట్ కొన్నాళ్లు వాయిదా పడుతుంది. అప్పుడప్పుడు పూర్తిగా మూసేయండి.

డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసినప్పుడు చాలా ఇన్‌స్టాలర్లు కెర్నల్స్ ఉండే బూట్ ఫోల్డర్‌కు విడిగా చిన్న పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) పెడతాయి. పాత కెర్నల్స్ పేరుకుని అది నిండితే, అప్‌గ్రేడ్ సగంలో 'డివైస్‌లో చోటు లేదు' అంటూ ఆగిపోతుంది. అక్కడి నుంచి మిగతా ప్యాకేజీలు కూడా ముందుకు కదలవు. 'సుడో ఆప్ట్ ఆటోరిమూవ్' (sudo apt autoremove) నడపండి, చాలాసార్లు దాంతోనే తేలిపోతుంది. బూట్ ఫోల్డర్‌లోని ఫైళ్లను మాత్రం చేత్తో చెరిపేయకండి. అవి పోయాయని ఆప్ట్‌కు తెలియదు, పొరపాటున నడుస్తున్న కెర్నల్‌నే తీసేస్తే మెషిన్ మళ్లీ లేవకపోవచ్చు.

ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ నుంచి వచ్చేవాటిని అడ్డుకునే గోడ) ఉబుంటు కుటుంబంలో ముందే ఉంటుంది కానీ ఆపేసి ఉంటుంది. 'సుడో యుఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్' (sudo ufw enable) అంటే చాలు, బయటి నుంచి వచ్చే కనెక్షన్లన్నీ ఆగిపోతాయి, మీరు బయటికి వెళ్లేవి మామూలుగానే నడుస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే మార్గం) ద్వారా ఆ మెషిన్‌లోకి వచ్చేవాళ్లు ముందు దానికి అనుమతి ఇచ్చి ఆ తర్వాతే ఆన్ చేయాలి.

స్క్రీన్ లాక్‌ను సెట్టింగ్‌లో టిక్ చూసి నమ్మొద్దు. మూత మూసి, ఓ నిమిషం ఆగి తెరవండి. పాస్‌వర్డ్ అడగకపోతే పవర్ మేనేజర్‌లో 'నిద్రలోకి వెళ్లేటప్పుడు లాక్' అన్నది ఆన్ చేయాలి. ఆటో-లాగిన్ ఉంటే తీసేయండి.

ఇంకొక్కటి. ఈ డెస్క్‌టాప్‌లలో చాలావరకు తెర మీద విండోలను చూపే పాత వ్యవస్థ ఎక్స్11 మీదే ఇంకా నడుస్తున్నాయి. ఎక్స్11లో ఒక ప్రోగ్రామ్, పక్క విండోలో మీరు కొట్టే అక్షరాలన్నీ చూడగలదు. మీరు టెర్మినల్‌లో సుడో పాస్‌వర్డ్ కొడుతుంటే, ఏ అధికారమూ లేని మామూలు యాప్ కూడా దాన్ని పట్టుకోగలదు. అందుకే ఎక్కడో దొరికిన డెబ్ ఫైళ్లు (ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ ఫైళ్లు), ఎవరో చెప్పిన పీపీఏలు (బయటివాళ్లు సొంతంగా నడిపే ప్యాకేజీ భండారాలు) జోడించేముందు, అదే ప్రోగ్రామ్ మీ లినక్స్ అధికారిక భండారంలో ఉందేమో వెతకండి. పీపీఏ ప్యాకేజీల ఇన్‌స్టాల్ స్క్రిప్టులు నేరుగా రూట్‌గానే, అంటే పూర్తి అధికారంతో, నడుస్తాయి. వాడకం అయిపోయిన పీపీఏను కూడా ఉంచొద్దు, అది జాబితాలో ఉన్నంతకాలం ప్రతి అప్‌గ్రేడ్‌లోనూ దాని యజమాని పంపింది మీ మెషిన్‌లోకి దిగుతుంది.