షెల్ ఫైళ్లను మార్చే ముందు జాగ్రత్తలు

ప్రాజెక్టు సమర్పణల వేళ హనుమకొండలో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, కళాశాల ల్యాబ్ సర్వర్‌లో తన బ్యాష్‌ఆర్‌సీ ఫైలు (మనం టైపు చేసే కమాండ్లను నడిపే బ్యాష్ అనే షెల్, తెరుచుకునేటప్పుడు చదివే అమరికల ఫైలు) మొదట్లో ఎక్కడినుండో తెచ్చిన కొన్ని లైన్లు అతికించి, కాజీపేటలో రైలు అందుకోవాలనే తొందరలో టెర్మినల్ మూసేసి వెళ్లిపోయాడు. ఆ లైన్లలో ఒకటి ఎగ్జిట్, అంటే షెల్‌ను మూసేసే కమాండ్. ఆ తరువాత లాగిన్ అయిన ప్రతిసారీ షెల్ తెరుచుకున్న వెంటనే మూసుకుపోయింది. ఫైళ్లను కాపీ చేసుకునే దారి కూడా మిగలలేదు. అడ్మిన్ వచ్చేదాకా రిపోర్టు లోపలే ఉండిపోయింది.

మార్చే ముందు ఫైలుకు నకలు తీయాలని అందరికీ తెలుసు. ఇక్కడ ముంచేది వేరొకటి: కొత్త సెషన్ సరిగా తెరుచుకుంటుందో లేదో చూడకుండానే పాత సెషన్‌ను మూసివేయడం. పాత షెల్ తన ఫైలును ఎప్పుడో చదివేసుకుంది కనుక మీ కొత్త తప్పు దానిని తాకదు. నకలును తిరిగి పెట్టగలిగేది అక్కడినుండే. ఫైలును ప్రస్తుత షెల్‌లోనే నడిపే సోర్స్ కమాండ్‌తో అదే విండోలో పరీక్షించడమూ ప్రమాదమే, ఎందుకంటే ఎగ్జిట్ ఉంటే ఆ విండో కూడా పోతుంది. బ్యాష్‌కు మైనస్ ఎన్ ఇచ్చి ఫైలును పరీక్షిస్తే వాక్యనిర్మాణ దోషాలు మాత్రమే బయటపడతాయి. ఎగ్జిట్ దోషం కాదు కనుక పట్టుబడదు. కాబట్టి మళ్లీ చెబుతున్నాను: రెండో విండోలో లాగిన్ అయి చూసేంతవరకు మొదటిదాన్ని మూయవద్దు.

షెల్ కమాండ్లను వెతికే డైరెక్టరీల జాబితా అయిన పాత్‌కు కొత్త డైరెక్టరీని చేర్చేటప్పుడు పాత విలువను కూడా కలపాలి, లేకపోతే ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ సైతం దొరకదు. లాగిన్ అయినప్పుడు తెరుచుకునే బ్యాష్ షెల్ బ్యాష్_ప్రొఫైల్, బ్యాష్_లాగిన్, ప్రొఫైల్ అనే వరుసలో మొదట దొరికినదాన్ని మాత్రమే చదువుతుంది. కొత్తగా బ్యాష్_ప్రొఫైల్ సృష్టిస్తే ప్రొఫైల్‌లోనివన్నీ చడీచప్పుడు లేకుండా ఆగిపోతాయి. 2019 నాటి కాటలీనా వెర్షన్ నుండి మ్యాక్‌లో కొత్త ఖాతాలకు బ్యాష్‌కు బదులు జెడ్‌షెల్ అనే వేరే షెల్ వస్తుంది. అక్కడ బ్యాష్‌ఆర్‌సీలో ఎంత రాసినా వృథాయే.

బ్యాష్‌ఆర్‌సీలో ఎకో కమాండ్‌తో స్వాగత సందేశాలు చూపించవద్దు, సర్వర్‌తో ఫైళ్ల కాపీ చెడుతుంది. ఫైలు చివర లైను చేర్చడానికి రెండు బాణాలు (>>) పెట్టండి, ఒకటే పెడితే ఫైలంతా తుడిచిపెట్టుకుపోతుంది. పాస్‌వర్డులు, టోకెన్లు రాయవద్దు. పాత్‌లో చుక్క (ప్రస్తుత డైరెక్టరీ) పెట్టవద్దు. కమాండ్ విఫలమైతే షెల్‌ను మూసేసే సెట్ మైనస్ ఈ పెట్టవద్దు. అర్థం కాని లైను అతికించవద్దు. సర్వాధికారాలున్న రూట్ ఖాతా ఫైలును అసలే ముట్టవద్దు. పాత విండోను మూయవద్దు.