ఉన్నట్టుండి మైకు మీ చేతికిస్తే

గ్రామసభలో వెనక వరసలో కూర్చున్న మనిషిని లేపి "నువ్వు చెప్పమ్మా" అంటారు. రిటైర్మెంటు సభలో "నాలుగు ముక్కలు మాట్లాడండి" అని మైకు చేతిలో పెడతారు. అప్పుడు మాట తడబడటానికి కారణం చాలావరకు తెలివి తక్కువై కాదు, ఊపిరి తక్కువై. భయంలో ఊపిరి పైపైనే ఆడుతుంది, గొంతు సన్నబడుతుంది, నోరు ఎండుతుంది.

అందుకే లేచీ లేవగానే మాట్లాడొద్దు. రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడండి. మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. వదలడం నిదానంగా సాగితే గుండెదడ తగ్గుతుంది. ఆ కాసేపు మీకు యుగంలా ఉంటుంది గానీ వినేవాళ్లకు అది లెక్కలోకే రాదు. మైకును గడ్డం దగ్గర, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి. జాలీని గుప్పిట మూసినా, సౌండు బాక్సుకు ఎదురుగా నిలబడినా కీచుమంటుంది. ఆ కీచుకే సగం ధైర్యం పోతుంది.

ఇక మొదటి వాక్యం. అసలు కష్టమంతా ఇక్కడే. మన భాషలో క్రియ చివర వస్తుంది కాబట్టి "మొన్న నేను పోయి, ఆయన్ని అడిగి, ఆయన లేడంటే మళ్లా వచ్చి..." అని మొదలుపెడితే వాక్యం ఎక్కడ ముగించాలో మనకే తెలియకుండా పోతుంది. ఊపిరి అయిపోతుంది, విషయం మధ్యలో జారిపోతుంది. చిన్న వాక్యాలు వేయండి. ముందు విషయం, తర్వాత లెక్క, ఆఖర్న ఏం కావాలో. కనిగిరి వైపు ఊళ్లో నీళ్ల గురించి అయితే ఇలా: "మా వీధికి ట్యాంకరు రావడం లేదు. రోజు మార్చి రోజు రావాల్సింది, పది రోజులైంది. రేపు పొద్దున్నకల్లా పంపించండి." అంతే. ఎందుకు రాలేదో, ఎవరి తప్పో వాళ్లడిగితే అప్పుడు చెప్పొచ్చు.

ఒంగోలు కలెక్టరాఫీసు ఉండే ప్రకాశం భవన్‌లో సోమవారం అర్జీ ఇచ్చేటప్పుడూ ఇదే పద్ధతి. వెనక జనం ఉంటారు, దొరికేది కొద్ది సమయం. ఊరు, మండలం, సర్వే నంబరు ముందు చెప్పేయాలి. తాతల నాటి కథతో మొదలుపెడితే అసలు సంగతి వచ్చేలోపే అర్జీ పక్క బల్లకు పోతుంది.

ఎవరైనా గట్టిగా నిలదీస్తే వెంటనే జవాబివ్వకుండా, ప్రశ్నను మీ మాటల్లో తిరిగి చెప్పండి: "గ్రూపు డబ్బు ఎందుకు ఆలస్యంగా కట్టామనేగా మీరు అడిగేది?" ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది, ప్రశ్నలోని వేడీ తగ్గుతుంది. తెలియనిదైతే "ఆ లెక్క ఇప్పుడు నా దగ్గర లేదు, రేపు సాయంత్రానికి తెస్తాను" అనండి. ఊహించి చెప్పిన ఒక్క అంకె తప్పని తేలితే, నిజం చెప్పిన మిగతావన్నీ అనుమానంలో పడతాయి.

యాస మార్చుకోవాల్సిన పనేమీ లేదు. "ఏంది", "ఎందుకబ్బా" అనే నోటితోనే స్పష్టంగా మాట్లాడొచ్చు. పుస్తకాల తెలుగు వెతుక్కునేవాళ్లే మధ్యలో ఆగిపోతారు. వేడుకల్లో వేదిక మీది పేర్లన్నీ చదవబోకండి, ఒకటి మర్చిపోతే ఆ మనిషి నొచ్చుకుంటాడు. "పెద్దలందరికీ నమస్కారం" చాలు. ఆ తర్వాత సభ ఎవరి కోసమో వాళ్లు చేసిన ఒక్క మంచి పని చెప్పండి.

సాధన ఇంట్లోనే చేయొచ్చు. ఎవరినైనా ఒక విషయం అడగమనండి: రొట్టెల పండగ, ఒంగోలు గిత్త, రొయ్యల్లో కౌంటు అంటే ఏంది, ఏదైనా సరే. పది సెకన్లలో మొదలుపెట్టి ఒక నిమిషం మాట్లాడి ఫోన్లో రికార్డు చేయండి. విని, "అంటే", "మరి", "అదేందంటే" ఎన్నిసార్లు పడ్డాయో లెక్కపెట్టండి. వాటిని బలవంతంగా ఆపబోతే మాటే ఆగిపోతుంది. ఆ చోట నోరు మూసుకుని ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకోవాలి. చెప్పాల్సింది అయిపోగానే "ఇంకేం చెప్పాలి" అని సాగదీయకుండా మైకు ఇచ్చేసి కూర్చోండి.