పాత కారు పెయింట్, చేతిపనితో – నాలుగో పాఠం: గుడ్డను కాదు, రేకును చూడండి

వెలిసిన పెయింట్ పైపొరని కోసే గరుకు కాంపౌండ్ నుంచి, అంతకన్నా మెత్తని పాలిష్‌కి ఎప్పుడు మారాలో, ఎలా మారాలో ఈ పాఠంలో చెప్పాలనుకున్నాను. చెబుతాను, కానీ చివర్లో, క్లుప్తంగా. ఎందుకంటే మూడో పాఠం చదివి పని మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఒకే చోట ఇరుక్కుపోయారు. "ఎంత రుద్దినా గుడ్డకి రంగు అంటుతూనే ఉంది, ఇంకెంత రుద్దాలి?" అని కొందరు అడిగారు. "బానెట్ అంచు మీద బూడిదరంగు గీత కనిపిస్తోంది, అది ఎలా పోతుంది?" అని ఇంకొందరు. ఇవి రెండు ప్రశ్నలు కావు. మొదటి ప్రశ్న అడిగినవాళ్లు ఆగకుండా ఇంకాస్త రుద్దితే రెండో ప్రశ్న దగ్గరికే వస్తారు. ఆ బూడిదరంగు గీత ప్రైమర్, అంటే రంగు కింద ముందుగా వేసే పూత. కొన్ని కార్లలో అది ఇటుకరంగులో ఉంటుంది.

ప్రైమర్ కనిపించిన చోట పని ఇప్పుడే ఆపేయండి. అక్కడ రంగు పోయింది. కాంపౌండ్, గ్లేజ్ (పెయింట్‌కి నూనె పట్టించే పూత), వ్యాక్స్, ఏది పూసినా లేని రంగు తిరిగి రాదు. టచప్ పెయింట్ ఒక్కటే దారి. ఆ పని అయ్యేదాకా ఆ గీత మీదకి గ్లేజ్ గానీ వ్యాక్స్ గానీ పోనివ్వకండి. నూనె, సిలికాన్ అంటిన చోట కొత్త పెయింట్ సమంగా పరచుకోదు, చిన్నచిన్న గుంటలుగా విడిపోతుంది. సన్నని మాస్కింగ్ టేప్ వేసి ఆ గీతని పక్కన పెట్టేయండి. టేప్ వేసేముందు చుట్టుపక్కల పెయింట్ పొట్టులా లేచి ఉందేమో గోటితో మెల్లగా తడిమి చూడండి. లేచి ఉంటే టేప్‌తో పాటు అదీ ఊడొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. తెల్లగుడ్డ పరీక్షని చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. కనపడని ఒక మూల కొంచెం పాలిష్ పెట్టి తెల్లగుడ్డతో రుద్దితే, రంగు అంటుకుంటే సింగిల్ స్టేజ్ పెయింట్, అంటే రంగు పొరే పైపొర. అంటుకోకపోతే రంగు పైన క్లియర్ కోట్ అనే రంగులేని పారదర్శక పొర ఉంది. ఆ పరీక్ష చెప్పేది అంతవరకే. పని ఎప్పుడు పూర్తయిందో అది చెప్పదు. సింగిల్ స్టేజ్ కారు మీద గుడ్డకి రంగు అంటడం ఎప్పటికీ ఆగదు. ఆగిందంటే పెయింట్ అయిపోయిందని అర్థం.

ఎందుకు ఆగదో చెబుతాను. సింగిల్ స్టేజ్‌లో రంగుపొడి పెయింట్ పొర లోతంతా ఉంటుంది. ఆ పొడి రేణువుల్ని పట్టి ఉంచేది రెసిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి పడి పైభాగంలో రెసిన్ విరిగిపోతుంది. పట్టు తప్పిన రంగుపొడి అలాగే పైన పేరుకుంటుంది. వేలితో రాస్తే సుద్దలా అంటేది అదే. దాని కింద రెసిన్ గట్టిగా ఉన్న మంచి పెయింట్ ఉంటుంది. అందులోనూ అదే రంగుపొడి. కాంపౌండ్‌కి ఈ రెండింటి మధ్య తేడా తెలియదు. దొరికిందల్లా కోస్తుంది. ముందు చచ్చిన పొర గుడ్డకి వస్తుంది, అది అయ్యాక బతికున్న పొర వస్తుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా రుద్దాలని కూర్చున్నవాళ్లు బతికున్న పెయింట్‌ని చేజేతులా తీసేస్తున్నారు. ఈ ఒక్క అపోహ వల్ల ఎన్నో ఏళ్లు ఎండనీ వాననీ తట్టుకున్న ఒరిజినల్ పెయింట్ ఒక్క సాయంత్రంలో పోతుంది. అందుకే ఇంత సాగదీసి చెబుతున్నాను.

మరి ఎప్పుడు ఆగాలి? గుడ్డ మీద రంగు ఉందా లేదా అని కాదు, ఆ రంగు ఎలా మారుతోందో చూడాలి. ఎర్ర కారు తీసుకోండి. మొదటిసారి తుడిచినప్పుడు గుడ్డకి వచ్చేది ఎరుపు కాదు, పాలిపోయిన గులాబీ రంగు. పొడిపొడిగా ఉంటుంది, గుడ్డ దులిపితే కొంత రాలుతుంది కూడా. గుడ్డ మడత మార్చి రెండోసారి రుద్దితే గులాబీ మధ్యలో అక్కడక్కడ ముదురు చారలు కనిపిస్తాయి. ఇంకోసారి మడత మారిస్తే ఈసారి వచ్చేది నిండు ఎరుపు. పొడిగా ఉండదు, జిడ్డుగా, పలచగా, గుడ్డ పోగుల్లోకి ఇంకిపోయినట్టు ఉంటుంది. ఆ నిండు ఎరుపు కనిపించగానే చెయ్యి తీసేయాలి. సుద్ద పొర దాటి మంచి పెయింట్ మీదకి వచ్చేశారు.

మడత మార్చకుండా ఒకే వైపుతో రుద్దేవాళ్లకి ఈ మార్పు ఎప్పటికీ కనపడదు. నిన్నటి గులాబీ, ఇవాళ్టి ఎరుపు కలిసిపోయి అంతా ఒకటే మరకలా ఉంటుంది. పైగా గుడ్డలో నిండిన చచ్చిన పొడినే మళ్లీ రేకుకి పూస్తుంటారు.

నీలం కారైతే ముందు పాలు కలిపినట్టున్న లేతనీలం, తర్వాత సిరానీలం. నల్ల కారుకి ముందు బూడిదరంగు, తర్వాత నలుపు. తెల్ల కారుకి తెల్లగుడ్డ పనికిరాదు, ముదురురంగు గుడ్డ వాడండి. అక్కడ రంగులో తేడా దాదాపు కనపడదు కాబట్టి పొడిగా వస్తోందా, జిడ్డుగా వస్తోందా అన్నదే గుర్తు.

మెటాలిక్ సింగిల్ స్టేజ్ వేరే సంగతి. ఆ పెయింట్‌లో సన్నని అల్యూమినియం రేకలు ఉంటాయి. వాటి మీద కాపలాగా క్లియర్ కోట్ లేదు. కాంపౌండ్ తగలగానే ఆ రేకలు తెగి, గుడ్డకి బూడిదరంగు, నలుపు కలిసిన మడ్డి వస్తుంది. కారు పచ్చదైనా బంగారురంగుదైనా మడ్డి మాత్రం అదే. కాబట్టి గుడ్డ చూసి ఏమీ తేల్చుకోలేరు. రేకు మీద మాత్రం మచ్చలు మచ్చలుగా మెరుపు తేడా వస్తుంది, దాన్ని సరిచేయడం చేతిపనితో కాదు. మెటాలిక్ ఉన్నవాళ్లు కాంపౌండ్ డబ్బా మూసేయండి. గ్లేజ్, ఆ తర్వాత అన్నిటికన్నా మెత్తని పాలిష్, అంతవరకే.

గుడ్డ సగం చెబుతుంది, మిగతా సగం రేకు చెబుతుంది. ట్యూబ్‌లైట్ ప్రతిబింబం రేకు మీద పడేలా నిలబడండి. సుద్ద పట్టిన చోట వెలుగు ఒక మబ్బులా పరచుకుని ఉంటుంది, దానికి అంచు ఉండదు. పని సాగేకొద్దీ ఆ మబ్బులో ఒక గీత కడుతుంది. ట్యూబ్‌లైట్ అంచు గీతలా నిలబడితే కాంపౌండ్ పని అయినట్టే. ఆ గీత చుట్టూ సన్నని మసక మిగిలి ఉంటుంది. దాన్ని తీయడం పాలిష్ పని. కాంపౌండ్‌తోనే ఆ మసక కూడా పోవాలని రుద్దడం ఇంకో తొందరపాటు.

ఇక్కడొక మోసం ఉంది. నూనె తడి ఉన్నంతసేపు ఎంత చచ్చిన పెయింటైనా నిండుగా కనిపిస్తుంది. గ్లేజ్ పూసిన సాయంత్రం కారు చూసి మురిసిపోయి, మర్నాడు పొద్దున మళ్లీ వెలిసిపోయిందని టెన్షన్ పడినవాళ్లు ఉన్నారు. వెలిసిపోలేదు, సాయంత్రం కనిపించింది నూనె మెరుపు. కాంపౌండ్ చేశాక కూడా పొడి మైక్రోఫైబర్‌తో పూర్తిగా తుడిచి, కాసేపు ఆగి, అప్పుడు ట్యూబ్‌లైట్ గీత చూడండి.

గ్లేజ్ నూనెని ఎక్కువసేపు వదిలేయాలని ఇంతకుముందు చెప్పింది మాత్రం ఊరికే కాదు. ఎండిపోయిన పెయింట్ మీద నేరుగా కాంపౌండ్ పెడితే గరుకుగా లాగుతుంది. నూనె ముందే ఇంకి ఉంటే కోత మెత్తగా సాగుతుంది. ఈ పనికి చాలామంది మెగ్వయర్స్ నంబర్ 7 అనే గ్లేజ్ వాడతారు. అందులో గరుకు లేదు, మీద కనిపించే కోతంతా టర్కీ తువ్వాలు నూలుది. టర్కీ తువ్వాలుతో పట్టించి 12 నుంచి 24 గంటలు వదిలేయండి. సగం కార్లకి ఇదే సరిపోతుంది, కాంపౌండ్ అక్కర్లేదు. నా ఇష్టం అడిగితే, గ్లేజ్ రెండుసార్లు పట్టించి చూడకుండా కాంపౌండ్ ముట్టుకోను.

"థిన్నర్‌తో నూనె తుడిచేసి అసలు పెయింట్ చూడొచ్చా?" అని ఒకరు అడిగారు. చూడకండి. డూపాంట్ కంపెనీ 1923లో తెచ్చిన డ్యూకో లాంటి నైట్రోసెల్యులోజ్ లాకర్ పెయింట్ ద్రావకం ఆవిరైపోవడం వల్లే ఆరుతుంది. రసాయనికంగా గట్టిపడదు. అందుకే ఎన్ని దశాబ్దాల తర్వాత అయినా థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. మీ కారు మీద ఏ పెయింట్ ఉందో ఖాయంగా తెలియనప్పుడు పొడిగుడ్డే మేలు.

ఇంకా ఎంత పెయింట్ మిగిలిందో కొలవగలిగితే బాగుండేదని అందరికీ ఉంటుంది. మామూలు రాత కాగితం మందం దాదాపు 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ప్రైమర్‌తో కలిపి కారు మీద పొర చాలాసార్లు దానికి కొంచెం అటూఇటూగా ఉంటుంది. అందులోంచి ముందు యజమానులు ఎంత అరగదీశారో ఎవరికీ తెలియదు. మందం కొలిచే మీటర్ ఉన్నా అది రేకు నుంచి పైదాకా మొత్తం చెబుతుంది. అందులో రంగు ఎంత, ప్రైమర్ ఎంత అన్నది చెప్పదు. 250, 300 మైక్రాన్లు చూపిస్తే సంబరపడకండి. అక్కడ ఎప్పుడో మళ్లీ పెయింట్ వేసి ఉంటారు, కింద లప్పం కూడా ఉండొచ్చు.

అంచుల దగ్గర పొర ఇంకా పలచన. తడి పెయింట్ పదునైన అంచు నుంచి వెనక్కి జారుతుంది. దానికి తోడు చేతి బరువంతా ఆ సన్నని గీత మీదే పడుతుంది. అందుకే బానెట్ మధ్య గీత, డోర్ పొడవునా పోయే గీత, మడ్‌గార్డ్ అంచు, వీటన్నిటికీ టేప్ వేయండి. చివర్లో టేప్ తీసేసి, ఉత్త గ్లేజ్‌తో ఒక్కసారి రాస్తే సరిపోతుంది.

కడగడం, నీడలో చేయడం, రేకు చల్లగా ఉండాలనడం, ఇవి మళ్లీ చెప్పను. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పి తీరాలి. పాత ఎరుపు, పసుపు, నారింజ పెయింట్లలో సీసం కలిసిన రంగుపొడి ఉండొచ్చు. గ్లవ్స్ వేసుకోండి. పొడిగా ఉప్పుకాగితం ఎప్పుడూ పెట్టకండి. రంగు అంటిన గుడ్డల్ని ఇంట్లో బట్టలతో కలిపి ఉతకకండి.

కాంపౌండ్, పాలిష్ సంగతి. బారెడు కాదు, 40 సెంటీమీటర్ల చదరం మాత్రమే తీసుకోండి. వేళ్లతో నొక్కితే వేలు తగిలిన చోటే కోత పడుతుంది కాబట్టి ఫోమ్ ప్యాడ్‌ని అరచేత్తో బల్లపరుపుగా పట్టుకోండి. గుండ్రంగా తిప్పకండి. నిలువుగా పదిసార్లు, అడ్డంగా పదిసార్లు, తుడవండి, గుడ్డ చూడండి, ట్యూబ్‌లైట్ గీత చూడండి. మూడు విడతలకి గీత కట్టకపోతే ఆ చదరాన్ని వదిలి పక్కదానికి వెళ్లండి, మర్నాడు చూద్దురు గాని. కాంపౌండ్ కొనేటప్పుడు ఒకటి గమనించండి. కొన్నింటిలో గరుకు రేణువులు రుద్దేకొద్దీ చితికి మెత్తబడతాయి. అవి మెషీన్ వేగానికి చితికేలా చేసినవి. చేతితో ఆ వేగం రాదు, సగం చితికిన రేణువులు గీతలు మిగులుస్తాయి. రేణువులు చితకని రకం, అందులోనూ మెత్తనిది చేతిపనికి నయం. పాలిష్‌కి మారేటప్పుడు కొత్త ప్యాడ్, కొత్త గుడ్డ. మిగతా పద్ధతంతా అదే, చేతి బరువు మాత్రం సగం చాలు. ఆ తర్వాత వ్యాక్స్. లోతైన గీతల జోలికి నేను పోను, మీరూ పోకండి. అవి పోవాలంటే చుట్టూ ఉన్న మంచి పెయింట్ అంతా ఆ లోతుకి దిగాలి.

కారు డిక్కీ మూత మీద మొదలుపెట్టి, బానెట్, టాప్ ఆఖరికి పెట్టుకోండి. ఎండ అన్నిటికన్నా నేరుగా పడేవి ఆ రెండే కాబట్టి సుద్ద ఎక్కువ, మంచి పెయింట్ తక్కువ మిగిలి ఉంటుంది. చెయ్యి కుదిరాకే వాటి దగ్గరికి వెళ్లాలి.

సాధన: ఈసారిది కష్టమైనదే. సింగిల్ స్టేజ్ పెయింట్ ఉన్న పాత, పనికిరాని డోర్ ఒకటి సంపాదించండి. దాని మీద టేప్‌తో మూడు పట్టీలు కట్టండి. ఒకటి చదునుగా ఉన్న మధ్యలో, ఒకటి గీత పక్కన, ఒకటి సరిగ్గా గీత మీద. తెల్లగుడ్డని చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో పట్టీని కాంపౌండ్‌తో ఇరవైసార్లు రుద్ది, కొత్త ముక్కతో తుడిచి, ఆ ముక్క మీద వరస సంఖ్య వేసి ఆరబెట్టండి. మళ్లీ ఇరవై, మళ్లీ ముక్క. మూడు పట్టీల్లోనూ ప్రైమర్ కనిపించేదాకా ఆపకండి. మధ్య పట్టీకి చాలా ఓపిక కావాలి, రెండు మూడు రోజులకి పంచుకోండి. అయ్యాక ముక్కల్ని వరసగా పేర్చి, పాలిపోయిన రంగు నిండురంగుగా మారిన ముక్క ఏదో గుర్తు పెట్టండి. మూడు పట్టీల్లోనూ ఆ మార్పు వచ్చిన సంఖ్య, ప్రైమర్ కనిపించిన సంఖ్య పక్కపక్కనే రాసుకోండి. ఐదో పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకుని కూర్చోండి.