ఎగ్జామ్ మధ్యలో డాక్స్ చూసుకోవచ్చు, కానీ... మైక్రోసాఫ్ట్ సర్టిఫికేషన్‌కి అప్లై చేసే విధానం

మైక్రోసాఫ్ట్ ఎగ్జామ్ రాస్తూ మధ్యలో వాళ్ళ డాక్యుమెంటేషన్ తెరిచి చూసుకోవచ్చు అంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు, "ఓపెన్ బుక్కా? నిజంగానా?" అంటారు. నిజమే, 2023 ఆగస్టు నుంచి ఉంది. కాకపోతే అన్ని ఎగ్జామ్స్‌కీ లేదు, ఏ సైట్ పడితే ఆ సైట్ చూడనివ్వరు, చూస్తున్నంతసేపూ టైమ్ నడుస్తూనే ఉంటుంది. ఈ మూడూ తెలీకుండా "చూసి రాసేద్దాంలే" అని స్లాట్ బుక్ చేస్తే ఫీజు పోయినట్టే. ఇంకో సంగతి, ఎగ్జామ్ హాల్లో మనకి పనికొచ్చేవాటిలో సగం బుక్ చేసే ముందే సెట్ చేసుకోవాలి, తర్వాత కుదరదు. అందుకే అప్లై చేసే దగ్గర్నుంచి మొదలుపెడతా.

ముందు ఏ ఎగ్జామో చూస్కోండి. ఫండమెంటల్స్ అంటే బేసిక్ లెవెల్ ఎగ్జామ్స్, ఏజెడ్-900, డీపీ-900 లాంటి కోడ్‌లతో ఉండేవి, వీటిలో ఏదీ చూడనివ్వరు, 45 నిమిషాల్లో బుర్రలో ఉన్నదే రాసి రావాలి. అసోసియేట్, ఎక్స్‌పర్ట్, స్పెషాలిటీ లెవెల్ వాటికి మాత్రం మైక్రోసాఫ్ట్ లెర్న్, అంటే వాళ్ళ డాక్యుమెంటేషన్, ట్రైనింగ్ ఉండే సైట్ ఓపెన్ చేస్కునే బటన్ ఇస్తారు. నేను ఇక్కడ ఏజెడ్-104ని, అంటే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్ అడ్మినిస్ట్రేటర్ ఎగ్జామ్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నా, మనవాళ్ళు చాలామంది రాసేదే కాబట్టి.

అకౌంట్ సంగతి. లెర్న్ సైట్‌లో మీ పర్సనల్ ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి, ఆఫీస్ ఐడీతో వద్దు. కంపెనీ మారిన రోజు ఆ మెయిల్ పోతుంది, దాంతోపాటు సర్టిఫికెట్లన్నీ అందులోనే ఇరుక్కుంటాయి, తర్వాత సపోర్ట్ వాళ్ళ చుట్టూ తిరగాలి. కంపెనీ వోచర్ ఇచ్చినా సరే, వోచర్ కోడ్‌ని పర్సనల్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి వాడుకోడానికి ట్రై చేయండి, కుదరకపోతే అప్పుడు చూద్దాం.

తర్వాత సర్టిఫికేషన్ ప్రొఫైల్‌లో పేరు. మన తెలుగోళ్ళకి అసలు తలనొప్పి ఇక్కడే. టెన్త్ సర్టిఫికెట్‌లో "కె వెంకట రమణ" అని ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా విడగొట్టి సర్‌నేమ్ గడిలో ఉంటుంది, లైసెన్స్‌లో ఇంకోలా ఉంటుంది, ఆఫీస్‌లో అందరూ రమణ కె అంటారు. ఎగ్జామ్ రోజు మీరు చూపించే ఐడీలో ఎలా ఉందో ప్రొఫైల్‌లో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి, ఏది ఫస్ట్ నేమ్ ఏది లాస్ట్ నేమ్ అన్నది కూడా. తేడా ఉంటే ఎగ్జామ్‌కి కూర్చోనివ్వకపోవచ్చు, ఫీజు కూడా వెనక్కి రాదు. పాస్‌పోర్ట్ ఉంటే దాన్నే ఐడీగా పెట్టుకుని దాని ప్రకారం పేరు కొట్టండి, గొడవ ఉండదు. ఎక్స్‌పైర్ అయిన ఐడీ చెల్లదు, జిరాక్స్ చెల్లదు.

ఇప్పుడు చాలామంది వదిలేసే పాయింట్. ఎగ్జామ్ మీ భాషలో లేకపోతే 30 నిమిషాలు ఎక్స్‌ట్రా అడగొచ్చు. ఏజెడ్-104 తెలుగులో లేదు, కాబట్టి మనం హాయిగా అడగొచ్చు, ఇదేం మినహాయింపు అడుక్కోవడం కాదు, వాళ్ళ రూల్‌లోనే ఉంది. కానీ దీన్ని అకామొడేషన్ రిక్వెస్ట్ అంటారు, స్లాట్ బుక్ చేసే ముందే పెట్టాలి, అప్రూవ్ అయ్యాకే బుక్ చేయాలి. ముందు బుక్ చేసేసి తర్వాత "అయ్యో నాకు అరగంట కావాలి" అంటే ఆ స్లాట్‌కి కలవదు. ల్యాబ్ (స్వయంగా పని చేసి చూపించే భాగం) లేని అసోసియేట్ ఎగ్జామ్‌కి మామూలుగా 100 నిమిషాలు, దానికి 30 కలిస్తే డాక్స్ చూసుకోడానికి ఊపిరి తీసుకునే టైమ్ దొరికినట్టు. అప్రూవల్‌కి కొంచెం టైమ్ పడుతుంది, రేపు ఎగ్జామ్ పెట్టుకుని ఈరోజు రిక్వెస్ట్ పెట్టకండి.

అప్రూవ్ అయ్యాక ఎగ్జామ్ పేజీలో షెడ్యూల్ బటన్ నొక్కితే ఎగ్జామ్ నిర్వహించే పియర్సన్ వ్యూ సైట్‌కి తీస్కెళ్తుంది. అక్కడ రెండు ఆప్షన్లు, ఇంట్లోంచి ఆన్‌లైన్‌లో రాయడం లేదా టెస్ట్ సెంటర్‌కి వెళ్ళడం. డేట్, టైమ్, పేమెంట్, అంతే. అమెరికాలో ఈ లెవెల్ ఎగ్జామ్ 165 డాలర్లు, మన దేశంలో రేటు తక్కువే, ట్యాక్స్ కలిపి ఎంతో చివరి స్క్రీన్‌లో చూపిస్తుంది. డేట్ మార్చుకోవాలంటే ఎంత ముందు మారిస్తే అంత మంచిది, 24 గంటల లోపు వచ్చేశాక క్యాన్సిల్ చేసినా, అసలు వెళ్ళకపోయినా డబ్బు మొత్తం పోతుంది.

ఇంట్లోనా సెంటర్‌లోనా అంటే నా ఓటు సెంటర్‌కే, హైదరాబాద్ లాంటి చోట ఉంటే అసలు ఆలోచించక్కర్లేదు. ఇంట్లో అయితే అరగంట ముందే చెక్-ఇన్ మొదలుపెట్టాలి, ఫోన్‌తో సెల్ఫీ, ఐడీ ఫోటో, రూమ్ నాలుగు వైపులా ఫోటోలు, తర్వాత ఫోన్ చేతికందనంత దూరం పెట్టేయాలి. ఒక్కటే మానిటర్, టేబుల్ మీద కాగితం పెన్ను ఉండకూడదు, గదిలోకి ఎవరూ రాకూడదు. క్వశ్చన్‌ని పెదాలు కదుపుతూ చదివే అలవాటున్నవాళ్ళు జాగ్రత్త, ప్రాక్టర్, అంటే కెమెరాలో మనల్ని గమనించే అతను, వార్నింగ్ ఇస్తాడు. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో వీపీఎన్, ఫైర్‌వాల్ అడ్డొస్తాయి, సొంతది వాడండి, సిస్టమ్ టెస్ట్ ముందు రోజే రన్ చేయండి. కరెంటు పోతే రౌటర్ కూడా నడిచేలా ఇన్వర్టర్ ఉందో లేదో చూస్కోండి. ఇవన్నీ ఉన్నా మధ్యలో అమ్మ "టిఫిన్ తిన్నావా" అని తలుపు తోసిందంటే ఎగ్జామ్ క్యాన్సిల్ అవ్వొచ్చు, అందుకే సెంటర్ అంటున్నా.

ఇక లెర్న్ వాడకం. ఎగ్జామ్ స్క్రీన్‌లోనే బటన్ ఉంటుంది, నొక్కితే క్వశ్చన్ పక్కనే కుడివైపు సగం స్క్రీన్‌లో సైట్ తెరుచుకుంటుంది. మీ బ్రౌజర్ వాడ్డం కాదు, ఎగ్జామ్ సాఫ్ట్‌వేర్ లోపలే. లెర్న్ డాట్ మైక్రోసాఫ్ట్ డాట్ కామ్‌లో ఉన్న డాక్యుమెంటేషన్, ట్రైనింగ్ మాడ్యూల్స్ దాదాపు అన్నీ చూడొచ్చు, కానీ క్వశ్చన్-ఆన్సర్ సెక్షన్, ప్రాక్టీస్ అసెస్‌మెంట్లు, మీ ప్రొఫైల్ మాత్రం మూసేస్తారు. అక్కడ్నుంచి గిట్‌హబ్‌కో ఇంకో సైట్‌కో లింక్ ఉంటే అది తెరుచుకోదు. గూగుల్ లేదు, కోపైలట్ లేదు. సొంత నోట్స్, పీడీఎఫ్, బుక్‌మార్కులు లేవు.

గూగుల్ లేకపోవడమే పెద్ద దెబ్బ. మనం రోజూ డాక్స్ చూసేది గూగుల్‌లో కొట్టి మొదటి లింక్ నొక్కి, అంతేగా. లెర్న్ సొంత సెర్చ్ అంత తెలివైంది కాదు, క్వశ్చన్‌లో వాక్యం మొత్తం కొడితే సంబంధం లేనివి యాభై వస్తాయి. అందుకే ప్రిపరేషన్ చివరి రెండు వారాలూ గూగుల్ మానేసి లెర్న్ సెర్చ్ బాక్స్‌లోనే వెతకడం అలవాటు చేస్కోండి, ఏ పేజీ పేరేంటో, ఎడమవైపు మెనూలో ఎక్కడుందో కంటికి అలవాటవ్వాలి.

ఒక క్వశ్చన్ తీస్కుందాం. స్టోరేజ్ అకౌంట్‌లో డేటాని ఆర్కైవ్ టియర్‌కి, అంటే అరుదుగా తీసే డేటా ఉంచే స్థాయికి పంపాలి, కింద కొన్ని రెడండెన్సీ ఆప్షన్లు (డేటా కాపీలు ఎక్కడెక్కడ ఉంచాలన్నవి) ఇచ్చి ఏవి పనిచేస్తాయి అన్నాడు. ఎల్ఆర్ఎస్, జీఆర్ఎస్, ఆర్ఏ-జీఆర్ఎస్‌కి ఓకే, జెడ్ఆర్ఎస్, జీజెడ్ఆర్ఎస్‌కి ఆర్కైవ్ లేదు. గుర్తులేకపోతే "బ్లాబ్ యాక్సెస్ టియర్స్" అని రెండు మూడు ముక్కలు కొట్టండి చాలు, ఆ ఒక్క పేజీలో ఈ సంగతీ ఉంటుంది, మిగతా టియర్లయిన కూల్‌కి 30 రోజులు, కోల్డ్‌కి 90, ఆర్కైవ్‌కి 180 రోజులు మినిమమ్ ఉంచాలన్న టేబులూ ఉంటుంది. ఇలాంటి వాటికే లెర్న్ బాగా పనికొస్తుంది, అంటే జవాబు ఒక టేబుల్‌లో ఒక గడిలో ఉండేవి. అజూర్‌లో యూజర్లకి ఇచ్చే బిల్ట్-ఇన్ రోల్స్ లిస్ట్ కూడా అంతే, ఏ రోల్‌కి ఏ పర్మిషన్ ఉందో అన్నీ ఎవడికి గుర్తుంటాయి.

అదే సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక ముక్క) లెక్కలు, ప్రతి సబ్‌నెట్‌లో అజూర్ 5 ఐపీలు ఉంచుకుంటుంది అన్నది, ఎన్ఎస్‌జీ (నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని వడకట్టేది) రూల్స్‌లో చిన్న నంబర్ ముందు చెక్ అవుతుంది అన్నది, ఇవి వెతకడానికి కూర్చుంటే మీరు అయిపోయారు. కేస్ స్టడీలు మరీనూ, మూడు నాలుగు ట్యాబుల్లో కంపెనీ కథంతా చదివి ముడిపెట్టాలి, ఏ పేజీలోనూ జవాబు దొరకదు.

లెక్క వేస్కోండి, మామూలుగా 40 నుంచి 60 క్వశ్చన్లు, 100 నిమిషాలు, ఒక్కోదానికి రెండు నిమిషాలు వస్తే గొప్ప. ఒకటి వెతకడానికి మూడు నాలుగు నిమిషాలు ఈజీగా పోతాయి. కాబట్టి ముందు అన్నీ రాసేయండి, డౌట్ ఉన్నవాటిని రివ్యూకి మార్క్ చేయండి, చివర్లో మిగిలిన టైమ్‌లో టేబుల్ టైప్ వాటినే వెతకండి. ఒక తిరకాసు ఉంది, కొన్ని యెస్-నో క్వశ్చన్లకి వెనక్కి వెళ్ళనివ్వరు, ముందే స్క్రీన్ మీద చెప్తారు, వాటిని మాత్రం అక్కడే తేల్చేయాలి. బ్రేక్ తీసుకుంటే అప్పటిదాకా చూసిన క్వశ్చన్లు లాక్ అయిపోతాయి, టైమర్ ఆగదు, కాబట్టి మార్క్ చేసినవి ముగించాకే లేవండి.

పాస్ మార్కు 1000కి 700, ఇది స్కేల్ చేసిన స్కోర్, 70 శాతం అని అనుకోకండి. తప్పితే 24 గంటల తర్వాత మళ్ళీ రాయొచ్చు, రెండోసారి కూడా పోతే అక్కడ్నుంచి ప్రతిసారీ 14 రోజులు ఆగాలి, ఏడాదిలో ఐదుసార్లే ఛాన్స్, ప్రతిసారీ ఫీజే. అమీర్‌పేటలోనో వాట్సాప్ గ్రూపుల్లోనో దొరికే డంప్స్, అంటే లీకైన క్వశ్చన్లు కంఠతా పట్టి వెళ్ళేవాళ్ళకి కూడా ఒక మాట, ఎగ్జామ్ మొదట్లో మనం ఓకే కొట్టే అగ్రిమెంట్‌కి అది విరుద్ధం, పట్టుబడితే పాత సర్టిఫికెట్లూ పీకేస్తారు. డాక్స్ ఎదురుగా పెట్టి మరీ రాయిస్తుంటే ఇంకా డంప్స్ ఎందుకో నాకైతే అర్థం కాదు.

వేరే కంపెనీల సంగతి టూకీగా. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఏదీ చూడనివ్వరు, కానీ ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళకి 30 నిమిషాల ఎక్స్‌ట్రా అక్కడా ఉంది, అదీ ముందే అడగాలి. లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్‌లో ఇంటర్నెట్ ఉండదు, మెషీన్‌లో ఉన్న మ్యాన్ పేజీలు (కమాండ్ల హెల్ప్) లాంటి డాక్సే దిక్కు. సెక్యూరిటీ సర్టిఫికేషన్లు ఇచ్చే జీఐఏసీ వాళ్ళది ఇంకో రకం, ప్రింట్ చేసిన పుస్తకాలు మోసుకెళ్ళొచ్చు, అందుకే అది రాసేవాళ్ళు సొంతంగా ఇండెక్స్ తయారు చేసుకుంటారు. కూబర్నెటీస్ (కంటెయినర్లని నడిపే సాఫ్ట్‌వేర్) అడ్మినిస్ట్రేటర్ ఎగ్జామ్ సీకేఏలో కూబర్నెటీస్ డాక్స్ చూడొచ్చు, రెండు గంటల ప్రాక్టికల్, వాళ్ళిచ్చే రిమోట్ డెస్క్‌టాప్‌లోని ఫైర్‌ఫాక్స్‌లోనే తెరవాలి, సొంత బుక్‌మార్కులు 2022 నుంచి కుదరట్లేదు. అక్కడ డాక్స్ నుంచి యామల్ (సెట్టింగ్స్ రాసే ఫార్మాట్) ముక్క కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేయడమే సగం పని, టెర్మినల్‌లో పేస్ట్ అంటే కంట్రోల్-షిఫ్ట్-వీ, మామూలు కంట్రోల్-వీ కాదు, ముందే చేతికి అలవాటు చేస్కోండి. సీకేఏకి కట్టిన డబ్బుల్లోనే ఒక ఫ్రీ రీటేక్, సిమ్యులేటర్ సెషన్లు రెండు వస్తాయి, అది మైక్రోసాఫ్ట్ కంటే మేలు.

మైక్రోసాఫ్ట్ అసోసియేట్ సర్టిఫికెట్ ఏడాదే చెల్లుతుంది. ఎక్స్‌పైరీకి ఆరు నెలల ముందు లెర్న్ ప్రొఫైల్‌లో రెన్యూ లింక్ వస్తుంది, అది ఫ్రీ, ప్రాక్టర్ ఉండడు, ఇంట్లో కూర్చుని డాక్స్ పక్కన పెట్టుకుని రాసేయొచ్చు. డేట్ దాటితే మాత్రం మళ్ళీ ఫీజు కట్టి ఎగ్జామ్ మొత్తం రాయాల్సిందే, కాబట్టి పాస్ అయిన రోజే ఫోన్‌లో రిమైండర్ పెట్టేసుకోండి.