క్లబ్ మీటింగ్‌లో మిస్సింగ్ కేసుల మీద టాక్ పెట్టాలనుకుంటే

మన లయన్స్, రోటరీ, వాసవి క్లబ్బుల్లో గెస్ట్ టాక్ ఎలా నడుస్తుందో అందరికీ తెలిసిందే, ప్రెసిడెంట్ గారు గాంగ్ కొడతారు, పరిచయాలు, శాలువా, మెమెంటో, ఫొటోలు, ఇవన్నీ అయ్యి గెస్ట్ చేతికి మైక్ వచ్చేసరికి తొమ్మిదిన్నర, అప్పటికే సగం మంది చూపు భోజనాల వైపే. కంటి క్యాంపు మీద టాక్ అయితే అలా నడిచిపోద్ది గానీ తప్పిపోయిన మనుషుల మీద అయితే కుదరదు. కాబట్టి టాక్ ముందు పెట్టి, శాలువా చివర్లో కప్పండి.

టైమ్ అడిగితే నేను ఆగస్టు అంటాను. లయన్స్, రోటరీల్లో జులై 1న ఎలాగూ కొత్త టీమ్ వస్తుంది, అదే నెలలో పోలీసులు తప్పిపోయిన పిల్లల్ని వెతికే ఆపరేషన్ ముస్కాన్‌లో తిరుగుతుంటారు (జనవరిలో అయితే ఆపరేషన్ స్మైల్), అది అయ్యాక పిలిస్తే వాళ్లకీ తీరిక, చెప్పడానికి తాజా కేసులూ ఉంటాయి.

ఎవర్ని పిలవాలి? పెద్దాఫీసర్ని పిలిస్తే పేపర్లో ఫొటో పడుద్ది, స్టేషన్లో మిస్సింగ్ కేసులు చూసే ఎస్సైనో హెడ్ కానిస్టేబుల్నో పిలిస్తే పని జరుగుద్ది. లెటర్‌హెడ్ మీద రిక్వెస్ట్ రాసి ముందే ఇవ్వండి, పైవాళ్ల పర్మిషన్ కావాలంటారు. జిల్లా బాలల సంక్షేమ సమితి నుంచి ఒకరు, మీది కాజీపేట, విజయవాడ లాంటి జంక్షన్ ఊరైతే రైల్వే పోలీసుల నుంచి ఇంకొకరు వస్తే మరీ మంచిది.

టాపిక్ "మీ ఇష్టం సార్" అని వదిలేయకండి, ఏం చెప్పాలో ముందే అడగండి. ఒకటి, "24 గంటలు ఆగి రండి" అనే మాట. అలాంటి రూల్ ఏదీ లేదు, పైగా 18 ఏళ్లలోపు పిల్లలైతే కిడ్నాపో అక్రమ రవాణానో జరిగిందన్నట్టే తీసుకుని ఎఫ్‌ఐఆర్ కట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇది మా ఏరియా కాదు అని తిప్పి పంపడానికి కూడా లేదు, ఏ స్టేషన్లోనైనా రాసుకునే జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది. రెండు, మేజర్ అయిన అమ్మాయి తనిష్టంతో వెళ్లిపోతే పోలీసులు ఏం చేయగలరు ఏం చేయలేరు అనేది, ఇక్కడ హాల్లో ఎవరో ఒకరు "లేచిపోయుంటది లెండి" అని నవ్వుతారు, మైక్ దగ్గరున్నవాళ్లు అక్కడే ఆపాలి. మూడు, ఏడేళ్లు ఆచూకీ లేకపోతే చనిపోయినట్టు చట్టం భావిస్తుంది కదా, ఆ లోపు బ్యాంకు, పెన్షన్, ఇన్సూరెన్స్ పనులు ఆగిపోయిన ఇంటివాళ్లు ఏ ఆఫీసుకెళ్లాలి అనేది.

టాక్ కన్నా నాకు ముఖ్యం ఆ తర్వాత ఇరవై నిమిషాలు. కుర్చీకో కాగితం, పెన్ను పెట్టి, ఇంట్లో ఒక్క మనిషి గురించి, ముసలి నాన్న గారో చిన్న పిల్లాడో, అక్కడే రాయమనండి: ఎత్తు, పుట్టుమచ్చలు, మందులు, వచ్చిన భాషలు, ఇవాళ వేసుకున్న బట్టలు, చెప్పులు. చెప్పుల దగ్గరే అందరూ ఆగిపోతారు చూడండి, పొద్దున బ్లూ స్లిప్పర్లా బాటా శాండిల్సా అని ఇంటికి ఫోన్లు కొడతారు. అదే నిమిషంలో ఫోన్లో *#06# కొట్టించి ఐఎంఈఐ నంబర్ (ఆ ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్) రాయించండి. ఫొటో అంటే పెళ్లిలో ఫిల్టర్ వేసి తీసింది కాదు, ఈ మధ్యది, ముఖం నేరుగా కనపడేది. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకి జేబులో ఫోన్ నంబర్ చీటీ పెట్టే అలవాటు కూడా ఆ రోజే మొదలెట్టించండి. కాగితం ఇంటికెళ్లి బీరువాలో పెట్టుకోవాలి, క్లబ్ దగ్గర వద్దు.

సీసీ కెమెరాల సంగతి షాపులున్న మెంబర్లకి విడిగా చెప్పండి, రికార్డింగ్ కొన్ని రోజులకే చెరిగిపోయి దాని మీదే కొత్తది పడుద్ది కాబట్టి ఎవరైనా తప్పిపోయారని తెలిసిన రోజే ఫుటేజ్ తీసి ఉంచాలి, పోలీసులు అడిగేదాకా ఆగకూడదు. నంబర్లు బ్యానర్ మీద పెద్దక్షరాల్లో కొట్టించండి: 112, పిల్లలకి 1098, ఆడవాళ్లకి 181, పెద్దవాళ్లకి 14567.

మీ ఊళ్లో మనిషి తప్పిపోయిన కుటుంబం ఉంటే స్టేజ్ ఎక్కించి చెక్కు ఇచ్చి ఫొటో దిగకండి, వాళ్లు రావాలనుకుంటే వెనక వరసలో కూర్చుంటారు, మాట్లాడాలనుకుంటే ఎస్సై గారితో విడిగా మాట్లాడిస్తే చాలు.

ఇక వాట్సాప్ పోస్టర్లు. ఇంటివాళ్ల నంబర్ పెడితే "మీ బాబు మా దగ్గరున్నాడు, ముందు ఫోన్‌పే చెయ్యండి" అని దొంగ కాల్స్ వస్తాయి, అందుకే స్టేషన్ నంబర్ పెట్టాలి. తేదీ వెయ్యకపోతే ఎప్పుడో దొరికిన పిల్లాడి కోసం ఏళ్ల తరబడి ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు. దొరికాక "దొరికాడు" అని ఇంకో పోస్టర్ ఫొటోతో పెట్టొద్దు, అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ఉంది, ఫొటో లేకుండా ఒక్క లైన్ రాసి పాతవి డిలీట్ చేయించండి, గోడల మీద అంటించినవి కూడా మెంబర్లే వెళ్లి పీకాలి, ఆ పని ఎవరిదో మీటింగ్ రోజే మినిట్స్‌లో రాసుకోండి.