ఫోమ్ రిజర్వ్ లెక్క ఎక్కడ తప్పుతోంది: లక్షణం, కారణం, పరిష్కారం

ఇంధన ట్యాంకుల మంటలు ఆర్పే ఫోమ్ (నురగ) సిస్టమ్‌కి రెండు నిల్వలు కావాలి. మంట ఆర్పడానికి ట్యాంకులో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది మెయిన్ సప్లై. అది ఖర్చయ్యాక సిస్టమ్‌ని తిరిగి పనిలో పెట్టడానికి దాచుకునేది రిజర్వ్. ఫోమ్ సిస్టమ్‌ల మీద అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 11 చెప్పేది కూడా ఇదే: రిజర్వ్ డిజైన్ అవసరానికి సరిపడా ఉండాలి. వేరే ట్యాంకులోనో డ్రమ్ముల్లోనో ప్లాంట్‌లోనే పెట్టుకోవచ్చు, లేదా నమ్మకమైన బయటి చోటు నుంచి 24 గంటల్లోపు తెప్పించుకోవచ్చు. ఈ రెండు నిల్వల్ని ఒకే కుప్పగా చూడటంతోనే సగం ఇబ్బందులు మొదలవుతాయి.

లక్షణం: రిజర్వ్ "మెయిన్‌లో పాతిక శాతం" అని రాసుంది, ఆ అంకె ఎక్కడిదో ఎవరికీ తెలియదు

కారణం: స్టోర్స్‌లో స్పేర్ పార్టులకు పెట్టే పద్ధతినే ఫోమ్‌కీ పెట్టేశారు. పాతిక శాతంతో సిస్టమ్ మళ్లీ నిలబడదు. ట్యాంకు నాలుగో వంతు నిండుతుంది, అంతే.

పరిష్కారం: శాతాన్ని పక్కన పెట్టి మొదటి నుంచి లెక్కెయ్యండి. వైశాల్యం, అప్లికేషన్ రేటు (చదరపు మీటరుకి నిమిషానికి పోయాల్సిన ద్రావణం), సమయం, ఫోమ్ శాతం (ద్రావణంలో కాన్సన్‌ట్రేట్ వాటా). ఈ నాలుగింటినీ గుణిస్తే కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి ఫోమ్ ద్రవం) ఎంతో వస్తుంది. 30 మీటర్ల వ్యాసం ఉన్న కోన్ రూఫ్ (శంకువు ఆకారపు కదలని పైకప్పు) ట్యాంకులో పెట్రోల్ ఉందనుకుందాం. వైశాల్యం సుమారు 707 చదరపు మీటర్లు. ఫోమ్ చాంబర్లతో (ట్యాంకు గోడ పైభాగంలో బిగించి ఫోమ్ పోసే పరికరాలు) చదరపు మీటరుకి నిమిషానికి 4.1 లీటర్లు పోయాలి, అంటే నిమిషానికి దాదాపు 2,900 లీటర్ల ద్రావణం. ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగలిగే కనీస ఉష్ణోగ్రత) 37.8 డిగ్రీల సెల్సియస్ లోపు ఉన్న ఇంధనం కాబట్టి టైప్ 2 రకం చాంబర్లకు 55 నిమిషాలు. 3 శాతం ఫోమ్ అయితే కాన్సన్‌ట్రేట్ 4,780 లీటర్ల పైచిలుకు.

ఇక్కడితో ఆపేసేవాళ్లే ఎక్కువ. డైక్‌లో (ట్యాంకు చుట్టూ కట్టిన గట్టు లోపల) ఒలికిన ఇంధనం కోసం హోస్ లైన్లు కూడా కలపాలి. ఈ సైజు ట్యాంకుకి నిమిషానికి 189 లీటర్ల చొప్పున రెండు లైన్లు, 30 నిమిషాలు. దానికి మరో 340 లీటర్లు. మొత్తం 5,120 లీటర్ల చిల్లర, అంటే 200 లీటర్ల డ్రమ్ములు 26. మెయిన్ ఇంత ఉంటే రిజర్వ్ కూడా ఇంతే ఉండాలి. ప్లాంట్‌లో ట్యాంకులు చాలా ఉంటే అన్నిటినీ కూడనక్కర్లేదు. అన్నిటికన్నా ఎక్కువ ఫోమ్ అడిగే ఒక్క ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోండి. ఒకేసారి కాపాడాల్సిన ట్యాంకుల గుంపు ఉంటే మాత్రం ఆ గుంపు మొత్తాన్నీ తీసుకోవాలి.

లక్షణం: కాగితం మీద 55 నిమిషాలు, నడిపి చూస్తే ముందే ఖాళీ

కారణాలు చాలా ఉండొచ్చు. నా సలహా, ముందు ప్రపోర్షనర్‌ని (నీటిలో కాన్సన్‌ట్రేట్‌ని కొలిచి కలిపే పరికరం) అనుమానించండి. 3 శాతం ప్రపోర్షనర్ 3.9 శాతం దాకా కలిపినా ఎన్‌ఎఫ్‌పీఏ 11 ఒప్పుకుంటుంది, తక్కువ కలిపితే మాత్రం ఒప్పుకోదు. మంట ఆర్పడం వరకూ అది మంచిదే. కానీ 3 శాతానికి సరిగ్గా కొలిచి పెట్టుకున్న నిల్వ 3.9 దగ్గర 42 నిమిషాలకే అయిపోతుంది. అందుకే టెస్టులో శాంపిల్ తీసి, రిఫ్రాక్టోమీటర్‌తోనో కండక్టివిటీ మీటర్‌తోనో అసలు శాతం ఎంతో చూసి, ఆ శాతంతో లెక్క తిరగ వెయ్యండి.

తర్వాత ప్రెషర్. చాంబర్ దగ్గర ప్రెషర్ డిజైన్ కన్నా 30 శాతం ఎక్కువుంటే ఫ్లో 14 శాతం పెరుగుతుంది. అప్పుడు 55 నిమిషాల ఫోమ్ 48 నిమిషాలే వస్తుంది. పంపులు పెద్దవి, లైన్ల పొడవు తక్కువ అయిన చోట ఇది మామూలే. హైడ్రాలిక్ లెక్కలో వచ్చిన అసలు ఫ్లోనే వాడాలి, కనీస రేటుతో వచ్చింది కాదు.

లైన్ నింపడానికి పోయేది ఇంకొకటి. కాన్సన్‌ట్రేట్‌ని విడిగా 120 మీటర్లు పంపి ట్యాంకు దగ్గర కలిపే సిస్టమ్ అయితే, 80 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పైపులోనే 600 లీటర్లు నిలిచిపోతుంది. మూడు డ్రమ్ములు. ట్యాంకులోంచి పంపుతో ఫోమ్ లాగే చోట సక్షన్ నాజిల్ (పంపు లాగే గొట్టం నోరు) కింద మిగిలిపోయేది కూడా లెక్కలోంచి తీసెయ్యాలి. ట్యాంకు మీద రాసిన కెపాసిటీ వేరు, పంపు లాగగలిగింది వేరు.

లక్షణం: రిజర్వ్ పక్కనే ఉంది, మంట సమయంలో వాడలేకపోయారు

కారణం: బ్లాడర్ ట్యాంక్, అంటే లోపలి సంచిలో ఫోమ్ ఉండి, చుట్టూ ఉన్న నీటి ప్రెషర్ దాన్ని బయటికి నెట్టే ట్యాంకు. అది నీటి ప్రెషర్ కింద నడుస్తుంది, నడుస్తుండగా అందులో ఫోమ్ పోయడం కుదరదు. ముందు వేరు చెయ్యాలి, ప్రెషర్ దించాలి, నీళ్లు వదలాలి, ఆ తర్వాత బ్లాడర్ చిరక్కుండా, గాలి చేరకుండా మెల్లగా నింపాలి. గంటల పని. అంటే డ్రమ్ముల రిజర్వ్ మీ 55 నిమిషాల్ని ఒక్క నిమిషం కూడా పొడిగించదు.

పరిష్కారం: మంట మధ్యలో కూడా రిజర్వ్ అందాలంటే రెండో బ్లాడర్ ట్యాంకుని పైపులతో కలిపి, వాల్వు తిప్పగానే మారేలా పెట్టుకోండి. లేదంటే మామూలు వాతావరణ పీడనంలో ఉండే ట్యాంకు, ఫోమ్ పంపు ఉన్న సిస్టమ్‌కి వెళ్లండి. దాన్ని నడుస్తుండగానే నింపుకోవచ్చు. డ్రమ్ముల మీదే ఆధారపడితే ట్రాన్స్‌ఫర్ పంపు, హోస్, సరిపోయే కప్లింగ్ డ్రమ్ముల పక్కనే ఉండాలి. కప్లింగ్ సైజు కలవక 26 డ్రమ్ములు చూస్తూ నిలబడే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

లక్షణం: ఫ్లోటింగ్ రూఫ్ ట్యాంకుకి నిల్వ అనుమానం వచ్చేంత తక్కువ వచ్చింది

ఇది లెక్క తప్పు కాదు, ఊహ ఇరుకు. ఫ్లోటింగ్ రూఫ్ అంటే ఇంధనం మీద తేలే పైకప్పు. 60 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకులో రిమ్ సీల్ (పైకప్పు అంచుకీ గోడకీ మధ్య ఉండే సీలు) దగ్గర 0.6 మీటర్ల వెడల్పు వలయాన్ని మాత్రమే కాపాడితే వైశాల్యం 112 చదరపు మీటర్లు. రేటు 12.2, సమయం 20 నిమిషాలు. 3 శాతం ఫోమ్ 820 లీటర్లు చాలు. మూడు హోస్ లైన్లకి మరో 510 లీటర్లు. అదే రూఫ్ మునిగి మొత్తం ఉపరితలం అంటుకుంటే? మానిటర్లతో (దూరం నుంచి ఫోమ్ చిమ్మే పెద్ద నాజిళ్లు) 6.5 రేటు, 65 నిమిషాలు వేసినా 35,800 లీటర్లు దాటుతుంది. ఇంత పెద్ద ట్యాంకుకి ఆ రేటు కూడా చాలదని ఎక్కువే పెట్టుకుంటారు.

ఈ రెండో అంకెని ఒక్క ప్లాంట్ మోయడం కష్టం. పొరుగు ప్లాంట్లతో ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. ఎవరి దగ్గర ఏ రకం ఫోమ్, ఎన్ని లీటర్లు, ఏ వాహనంలో, ఎంతసేపట్లో వస్తుందో అందులో ఉండాలి. 2005 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ ఇంధన డిపోలో 20కి పైగా ట్యాంకులు ఒకేసారి అంటుకున్నప్పుడు దూర ప్రాంతాల నుంచి ఫోమ్ తెప్పించాల్సి వచ్చింది. అలాంటి రోజు ఫోన్ నంబర్లు వెతుక్కునే టైమ్ ఉండదు.

లక్షణం: లీటర్లు సరిపోయాయి, ఫోమ్ నిలవడం లేదు

ఇథనాల్, అసిటోన్ లాంటి నీటిలో కలిసే ద్రవాలు మామూలు ఫోమ్‌ని తినేస్తాయి. వీటికి ఆల్కహాల్ రెసిస్టెంట్ రకమే కావాలి. 3×6 అని ఉన్న ఫోమ్‌ని పెట్రోల్ మీద 3 శాతం, ఇథనాల్ మీద 6 శాతం కలుపుతారు. ప్లాంట్‌లోకి కొత్తగా ఇథనాల్ ట్యాంకు వస్తే ఆ ఒక్క మార్పుతోనే నిల్వ రెట్టింపవుతుంది. రేటు కూడా పెరగొచ్చు, అది తయారీదారు లిస్టింగ్‌లో చూడాలి.

ఫ్లోరిన్ లేని ఫోమ్‌కి మారేవాళ్లు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. పాత ఫోమ్ ఎన్ని లీటర్లుంటే కొత్తది అన్నే లీటర్లు తెచ్చి పోస్తే సరిపోదు. రేటు మారొచ్చు, చిక్కదనం మారితే ప్రపోర్షనర్ సరిగ్గా లాగకపోవచ్చు. మెయిన్ మార్చి రిజర్వ్‌లో పాతదే ఉంచితే అది రిజర్వ్ కిందకి రాదు, ఎందుకంటే రెండు రకాల కాన్సన్‌ట్రేట్లని ఒకే ట్యాంకులో కలపకూడదు.

లక్షణం: నిల్వ ఏడాదికేడాది తగ్గుతోంది, లీకేజీ లేదు

టెస్టులే కారణం. పై ఉదాహరణలో 5 నిమిషాల ఫుల్ ఫ్లో టెస్టుకి 435 లీటర్లు పోతుంది. టెస్టు ఫోమ్‌కి ఏటా వేరే బడ్జెట్ పెట్టండి, రిజర్వ్‌లోంచి తియ్యొద్దు. ఎండలో పెట్టిన డ్రమ్ముల్ని నీడకి మార్చండి, మెయిన్‌తో పాటు రిజర్వ్ నుంచి కూడా ఏటా శాంపిల్ ల్యాబ్‌కి పంపండి. ఫెయిలైన డ్రమ్ముల్ని లెక్కలోంచి తీసేసి, మిగిలినవి 26 ఉన్నాయో లేదో అప్పుడు చూడండి.