ఔట్‌బోర్డ్ మోటారు సెల్ఫ్ తీసుకోకపోతే

తాళం తిప్పినప్పుడు ఔట్‌బోర్డ్ మోటారు (పడవ వెనక బయట బిగించే ఇంజిన్) ‘టక్’మని ఊరుకుంటే, చాలామంది స్టార్టర్ (ఇంజిన్‌ను మొదట తిప్పే చిన్న మోటారు) పోయిందని తేల్చేసి దాన్ని విప్పడం మొదలుపెడతారు. ఉప్పుగాలిలో తిరిగే పడవల్లో దోషం ఎక్కువసార్లు బ్యాటరీ నుంచి స్టార్టర్‌కు కరెంటు చేరే దారిలోనే ఉంటుంది కనుక, బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి ఒక్కో అతుకూ చూసుకుంటూ స్టార్టర్ దాకా రావాలి.

ముందుగా పెట్రోలు ఆవిరి నిలవకుండా గాలి ఆడనివ్వాలి, ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ లేకుండా చూడాలి, ఇంజిన్ అందుకోకుండా కిల్ స్విచ్ (ఇంజిన్‌ను వెంటనే ఆపే స్విచ్) క్లిప్పును తీసేయాలి. కొన్ని మోడళ్లలో క్లిప్పు తీస్తే స్టార్టరే తిరగదు. అప్పుడు ప్రొపెల్లర్‌ను విప్పి పక్కన పెట్టడం మేలు.

గేరు న్యూట్రల్‌లో లేకపోతే చాలా మోటార్లు సెల్ఫ్ తీసుకోవు. లివర్‌ను కాస్త అటూ ఇటూ కదిలిస్తూ తాళం తిప్పితే అందుకుంటోందంటే న్యూట్రల్ స్విచ్‌ను అనుమానించాలి. ఫ్యూజు కూడా అప్పుడే చూసుకోవాలి.

పూర్తిగా ఛార్జి అయి, కొన్ని గంటలు వాడకుండా ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ మల్టీమీటరులో సుమారు 12.6 వోల్టులు చూపాలి. తాళం తిప్పి ఉంచినప్పుడు అది 9.6 కంటే కిందికి పడితే, బ్యాటరీని ఛార్జి చేసి మళ్లీ చూడాలి.

బ్యాటరీ బాగుండీ స్టార్టర్ నీరసంగా తిరుగుతుంటే, మీటరు ఒక కొనను బ్యాటరీ పాజిటివ్ స్తంభానికే (దానికి బిగించిన కేబుల్ కొన లగ్గుకు కాదు), రెండో కొనను స్టార్టర్ లావు టెర్మినల్‌కూ ఆనించి, మరొకరిని తాళం తిప్పమనాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఆ దారిలో ఎక్కడో అతుకు పాడైనట్టే. నెగటివ్ స్తంభానికీ ఇంజిన్ బ్లాకుకూ మధ్య కూడా ఇలాగే కొలవాలి. చాలామంది వదిలేసేది దీన్నే. మా పడవకు కొత్త స్టార్టర్ బిగించిన మర్నాడే పాత జబ్బు తిరగబెట్టింది. నెగటివ్ లగ్గు పైకి మెరుస్తూనే ఉంది కానీ, కేబుల్ తొడుగును అంగుళం మేర చీల్చి చూస్తే, లోపలి రాగి పోగులు పచ్చటి చిలుము పట్టి వేళ్ల మధ్య పొడిగా రాలిపోయాయి. అలాంటి కేబుల్‌ను గీకి వాడకూడదు, తగరం పూత ఉన్న రాగి కేబుల్ వేయించాలి.

‘టక్’ శబ్దం వచ్చినా స్టార్టర్ తిరగకపోతే, తాళం తిప్పి ఉంచి సోలినాయిడ్ (స్టార్టర్‌కు కరెంటు కలిపే స్విచ్) రెండు లావు బోల్టుల మధ్య కొలవాలి. బ్యాటరీ వోల్టేజీ దాదాపు అంతా అక్కడే కనిపిస్తే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి. ఆ రెండు బోల్టులను స్క్రూడ్రైవర్‌తో కలిపి చూసే అలవాటు ప్రమాదకరం, ఆ నిప్పురవ్వ పెట్రోలు ఆవిరికి అంటుకోవచ్చు. శబ్దమే లేకపోతే సోలినాయిడ్ సన్న తీగకు 12 వోల్టులు చేరుతున్నాయేమో చూడాలి. చేరకపోతే దోషం తాళం, న్యూట్రల్ స్విచ్, ఫ్యూజుల వైపు ఉంది.

స్టార్టర్ గిర్రున తిరుగుతూ ఫ్లైవీలును (ఇంజిన్ బరువు చక్రాన్ని) పట్టకపోతే, పినియన్ (దాన్ని తిప్పే స్టార్టర్ చిన్న పళ్లచక్రం) జారే మరల మీద పాత గ్రీజు గడ్డకట్టి ఉంటుంది. దాన్ని శుభ్రంగా తుడిచి పలచటి నూనె రాయాలి. చిక్కటి గ్రీజు మళ్లీ అదే ఇబ్బంది తెస్తుంది. ఫ్లైవీలు చేత్తోనూ కదలకపోతే సిలిండరులో నీరు చేరి ఉండవచ్చు కనుక, స్పార్క్ ప్లగ్గులు విప్పి చూసేవరకూ తాళం ముట్టుకోకూడదు.

ఏ పరీక్షలోనైనా స్టార్టర్‌ను ఒక విడతకు 10 సెకన్లకు మించి తిప్పకుండా, మళ్లీ తిప్పే ముందు రెండు నిమిషాలు చల్లారనివ్వాలి.